నేను పీకేసిన చుక్కల కాశీతుంబ

ఈ మధ్య రైల్వే గార్డెన్ సెక్షన్‌లో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు తోర్వాలో మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ తెలుగువాళ్ళే గానీ మాటల్లో సగం హిందీ. "ఆంటీ, మాలీ పనిలో అసలు ఏటి నేర్చుకోవాలి?" అని అడిగారు. టీ మరిగేలోపు చెప్పేద్దామనుకున్నాను. టీ తాగడమూ అయిపోయింది, వాళ్ళు వెళ్ళిపోయారు కూడా, నా జవాబు మాత్రం పూర్తి కాలేదు. అందుకే రాస్తున్నాను. వాళ్ళకి తెలుగు చదవడం అంతంతమాత్రం, ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకుంటారు. నాకు వచ్చిన అక్షరాలు మాత్రం ఇవే.

ఇరవై ఏళ్ళు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మాలీగా చేశాను. ఏ గ్రేడు ఎప్పుడొస్తుంది, ఏ కాగితం ఎవరికివ్వాలి, అవన్నీ ఆఫీసులో చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. ఒకసారి వేసిన పూలమొక్క మరుసటి ఏడు దానంతట అదే పడి మొలవాలంటే మనం ఏం చెయ్యాలి, అంతకన్నా ముఖ్యంగా ఏం చెయ్యకూడదు. వినడానికి చిన్న సంగతే. ఆ చిన్న సంగతి తెలియక నేను ఒకావిడ పన్నెండేళ్ళ పనిని ఒక్క పూటలో నాశనం చేశాను.

మట్టి నల్లగా కనబడాలి

మా ఆయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. జబ్బు చేసి పోయాక ఆ ఉద్యోగం బదులు నాకు మాలీ పని ఇచ్చారు. అప్పటికి నాకు నలభై. అంతవరకూ నేను పెంచినవి ఒక తులసి, ఒక కరివేపాకు. పిల్లలిద్దరూ చదువుల్లో ఉన్నారు. ఈ పని పోతే క్వార్టర్ కూడా పోతుందన్న భయంతో రోజూ అందరికన్నా ముందు డ్యూటీకి వెళ్ళేదాన్ని.

మా మీద సుకాలూ మిస్త్రీ ఉండేవాడు. ఊరు మంగ్లా దగ్గరే, మంగ్లా ఇంకా పల్లెటూరుగా ఉన్న రోజుల మనిషి. మాటకి ముందు పార తీసేవాడు. ఆయన పాఠం అంతా రెండు ముక్కల్లో ఉండేది. మట్టి నల్లగా కనబడాలి, అంచు తెల్లగా కనబడాలి. నల్లగా అంటే గట్టిగా తవ్వి తిరగేసిన మట్టి. తెల్లగా అంటే మడి చుట్టూ ఇటుకలకి సున్నం, మధ్యలో ఒకటి విడిచి ఒకటి ఎర్రటి జేగురు. సాహెబ్‌లు జీపులో వెళుతూ చూసేది అదేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పేమీ కాదు.

ఇన్‌స్పెక్షన్ అంటే మాకు పెళ్ళివారు వచ్చినట్టే. పది రోజుల ముందునుంచి ఎండినది ఏది కనబడినా పీకెయ్యడం, తవ్వెయ్యడం, నర్సరీ నుంచి పూసిన కుండీలు తెచ్చి మట్టిలో అంచుదాకా పాతెయ్యడం. సాహెబ్ వెళ్ళిన మర్నాడు అవే కుండీలు పైకి లాగి ఇంకో చోటికి. నేను ఆ పని చురుగ్గా చేసేదాన్ని. "పార్వతీ బాయి కా హాథ్ సాఫ్ హై" అని, నా చేతిపని శుభ్రమని, సుకాలూ నలుగురిలో అన్న రోజు నాకు నేల మీద కాలు ఆనలేదు. నాకు వచ్చిన మంచి పేరు అంతా శుభ్రం వల్లే వచ్చింది. నా తప్పు కూడా అక్కడినుంచే వచ్చింది.

"కాయలేవి?"

నేను చేరిన రెండో ఏడు. వానలు వెనక్కి తగ్గాయి, అక్టోబర్ మొదట్లో పెద్ద ఇన్‌స్పెక్షన్. మా లైను చివరి క్వార్టర్‌లో గూడ్స్ గార్డు అప్పారావుగారు, ఆయన భార్య రమణమ్మ ఉండేవారు. శ్రీకాకుళం వైపు వాళ్ళు. నాకన్నా పదేళ్ళు పెద్ద కాబట్టి ఆవిడని వదినా అనేదాన్ని. వాళ్ళ ఇంటి ముందు పొడుగాటి మడి, నిండా కాశీతుంబ మొక్కలు. ఇక్కడివాళ్ళు గుల్‌మెహందీ అంటారు. పువ్వులన్నీ అయిపోయి, కాడలు పసుపెక్కి, కింద ఆకులు కుళ్ళి, చూడ్డానికి దరిద్రంగా ఉన్నాయి.

వదిన పలాసలో పెళ్ళికని పదిహేను రోజులు వెళ్ళింది. తలుపు కొడితే గార్డుగారు లైను నుంచి అప్పుడే వచ్చి పడుకున్న మనిషి, కళ్ళు నలుపుకుంటూ వచ్చారు. "ఈ ఎండిన మొక్కలు తీసీమంటారా అన్నయ్యా?" అన్నాను. "తీసీ, తీసీ" అని మళ్ళీ వెళ్ళి పడుకున్నారు.

తీశాను. ఎంత బాగా తీశానంటే, మొక్కలు పీకి, పైన ఉన్న మట్టి రెండు వేళ్ళ మందాన గోకి తోపుడు బండిలో వేసి, నర్సరీ వెనక చెత్త గోతిలో పోశాను. మిగిలినదాన్ని మోకాలి లోతు తవ్వి, నల్లమట్టి పరిచి, చీమలు పట్టకుండా సున్నం పొడి చల్లి, ఇటుకలకి రంగు వేశాను. సుకాలూ వచ్చి చూసి "బఢియా" అన్నాడు.

వదిన ఊరి నుంచి వచ్చిన పొద్దున నేను కావాలనే ఆ వీధిలోంచి వెళ్ళాను. మెచ్చుకుంటుందని. రిక్షా దిగి, చేతిలో సంచులు అలాగే పట్టుకుని మడి ముందు నిలబడిపోయి ఉంది.

"ఓలమ్మో, ఏటైపోనాది నా మడి? ఎవులు తీసినారు?"

"నేనే వదినా. ఇన్‌స్పెక్షన్ కదా, నీటుగా చేసేసినాను."

"కాయలేవి?"

"ఏ కాయలు?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మాలీ పని సేస్తన్నావు, కాయలంటే ఎరగవా పార్వతీ?"

నిజంగానే నాకు తెలియదు. కాశీతుంబకి పువ్వు వాడాక బొద్దుగా, నూగుగా చిన్న కాయ వస్తుందనీ, అది పండితే ముట్టుకోగానే చిట్లి గింజలు చిమ్ముతుందనీ, ఆ గింజలే మరుసటి జూన్‌లో తొలి వానకి మొలుస్తాయనీ నేను ఎప్పుడూ గమనించలేదు. నా దృష్టిలో పువ్వు పోయిందంటే మొక్క పని అయిపోయినట్టే.

వదిన మెట్ల మీద కూర్చుని చెప్పింది. ఆ క్వార్టర్‌లోకి వచ్చిన కొత్తలో మామూలు గులాబీరంగు కాశీతుంబల మధ్య ఒకే ఒక్క మొక్క తెల్లటి పువ్వుతో, మీద ఎర్రటి చుక్కలతో పూసిందట. ఆ ఒక్కదాన్నే ఉంచి, మిగిలిన రంగులన్నీ కాయ కట్టకముందే పీకేసింది. మరుసటి ఏడు చుక్కలవి నాలుగైదు వచ్చాయి. మళ్ళీ మిగిలినవి పీకేసింది. అలా పన్నెండేళ్ళు. ఎన్నడూ గింజ కొనలేదు, నారు పొయ్యలేదు. మడి నిండా చుక్కలే పూసే స్థితికి వచ్చింది.

"పన్నెండేళ్ళు పీకినానమ్మా, ఒక్కదాన్ని నిలబెట్టుకోడానికి. నువ్వొక్క పూటలో అన్నీ పీకీసినావు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. లోపలికి వెళ్ళి గార్డుగారిని మాత్రం తిట్టింది, అది నాకు వీధిలోకి వినబడింది. మరుసటి నవంబర్‌లో ఆయన రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేసి మంగ్లాలో కట్టుకుంటున్న ఇంటికి వెళ్ళిపోతారు. అంటే ఆ మడిలో ఆవిడకి మిగిలింది ఒకే ఒక్క వానాకాలం.   చేసిన తప్పు దిద్దుకునే దారి ఏదీ నాకు కనబడలేదు.

తోపుడు బండి వెళ్ళిన దారి

జూన్‌లో వానలు పడ్డాయి. వదిన మడిలో గడ్డి కూడా సరిగ్గా మొలవలేదు. నేను అంత లోతుగా తవ్వాను, అంత సున్నం పోశాను. రోజూ డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆ మడివైపు చూసి తల దించుకుని వెళ్ళేదాన్ని.

ఒకరోజు కాలనీ రోడ్డు పక్కన కూర్చుని ఖుర్పీతో గడ్డి చెక్కుతున్నాను. వదిన పాలకి వెళుతూ ఆగింది.

"ఆగు ఆగు. ఆ సేతిలోది ఏటది?"

"గడ్డి వదినా."

నా గుప్పిట విప్పించింది. గడ్డి పోచల మధ్య చిన్న చిన్న మొలకలు, ఒక్కోదానికి గుండ్రంగా, దళసరిగా రెండేసి ఆకులు, ఆకు కొసన చిన్న నొక్కు. కాడ నీళ్ళు నిండినట్టు మెరుస్తోంది.

"ఇది గడ్డేటే? కాశీతుంబ!"

అప్పుడు అర్థమైంది. నా తోపుడు బండి అడుగున చెక్కల మధ్య సందు ఉంది. ఆ రోజు గోకిన మట్టి క్వార్టర్ నుంచి చెత్త గోయి దాకా దారంతా రాలుతూ పోయింది. మట్టితో పాటు గింజలూ రాలాయి. నేను బండి తోసిన దారంతా ఎనిమిది నెలల తర్వాత మొలకలు వచ్చాయి. ఆ మొలకల్నే మూడు రోజులుగా ఒళ్ళు దాచుకోకుండా చెక్కి పారేస్తున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వదిన మాత్రం నవ్వింది. అక్టోబర్ తర్వాత ఆవిడ నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

మిగిలిన దారంతా ఇద్దరం వంగి వెతికాం. అచ్ఛా, ఇక్కడ ఒక మాట. మాలీలం మనం మొక్కని జానెడు పొడుగయ్యాకే చూస్తాం, నర్సరీ నుంచి తెచ్చేది అప్పుడే కాబట్టి. పుట్టిన మొదటి వారంలో అది ఎలా ఉంటుందో మనకి తెలియదు. తెలియనివాళ్ళ చేతిలో ఖుర్పీ ఉంటే ఏ పూలమొక్కా తనంతట తాను మొలవలేదు. నాకు ఆ వయసులో మొలకల్ని చదవడం నేర్పింది రమణమ్మ వదినే. సీతమ్మవారి జడకుచ్చులకి సన్నటి ఎర్ర ఆకులు. కాస్మోస్‌కి పొడుగాటి జత, ఆ తర్వాత సోంపు ఆకులాంటిది. బంతిని వాసనతో పట్టాలి.

మాకు దొరికినవి ఇరవై మూడు. కాడ ఎర్రగా ఉంటే పువ్వు ఎర్రగానో గులాబీగానో ఉంటుందనీ, కాడ లేతాకుపచ్చగా ఉంటే తెలుపు వైపు వెళుతుందనీ చూపించింది. ఆకుపచ్చ కాడలవన్నీ తడి మట్టి ముద్దతో సహా తీసి మడిలో పెట్టాం. రోడ్డు మలుపులో మురుగు కాలువ మీది చిన్న కల్వర్టు పక్కన, రాళ్ళ సందులో ఒకటి ఇరుక్కుని ఉంది. దాన్ని తీస్తే వేరు తెగుతుందని వదిలేశాం.

ఆగస్టులో మడిలో పువ్వులు విచ్చాయి. తెలుపు. తెలుపు. లేత గులాబీ. మళ్ళీ తెలుపు. పక్క ఇళ్ళ పువ్వుల పుప్పొడి కలిసిందేమో, ఒక్కదానికీ చుక్క లేదు. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వెళ్ళేదాన్ని, వదిన తల అడ్డంగా ఊపేది. చివరి మొగ్గ కూడా తెల్లగా విచ్చిన రోజు, "పోన్లే పార్వతీ, పువ్వు పువ్వే కదా" అంది. నన్ను ఓదార్చడానికి అందని తెలిసి మరింత బాధేసింది.

ఇంటికి వెళుతూ కల్వర్టు దగ్గర సైకిల్‌కి అడ్డం రాబోయి పక్కకి తప్పుకున్నాను. రాళ్ళ సందులో తెల్లటి పువ్వు. దాని మీద ఎర్రటి చుక్కలు.

వెనక్కి పరుగెత్తుకుని వెళ్ళి వదినని పమిట చెంగు పట్టుకుని లాక్కొచ్చాను.

నాలుగు ఇటుకలు

దొరికిందని సంబరపడితే సరిపోలేదు. అది ఉన్నది రోడ్డు పక్కన, మా గ్యాంగు శుభ్రం చేసే చోట. కాయలు పండేసరికి అక్టోబర్ వస్తుంది, అక్టోబర్‌లో మళ్ళీ ఇన్‌స్పెక్షన్. సరిగ్గా సాహెబ్ జీపు తిరిగే మలుపులో, సరిగ్గా ఆ వారంలో ఆ మొక్క పసుపెక్కి, కుళ్ళి, దరిద్రంగా ఉంటుంది. కిందటేడు నేను పీకేసినవి ఉన్నట్టే.

ఇన్‌స్పెక్షన్ ముందు రోజు అలాగే ఉంది. సుకాలూ పార భుజాన వేసుకుని వచ్చాడు. "యే కా ఆయ్?" అన్నాడు, ఇదేమిటని, పార దింపుతూ.

నేను మొక్కకి అడ్డంగా కూర్చుండిపోయాను.  నా ఉద్యోగంలో మిస్త్రీ మాటకి ఎదురు చెప్పడం అదే మొదలు. వచ్చీరాని హిందీలో అంతా చెప్పాను. పలాస పెళ్ళి, పన్నెండేళ్ళు, బండి సందు, గార్డుగారి రిటైర్మెంట్. ఇంకో పది రోజులు ఉంచితే చాలు, ఇన్‌స్పెక్షన్‌లో ఎవరైనా ఏమైనా అంటే నా పేరు చెప్పమన్నాను.

ఆయన పార మీద చెయ్యి ఆనించి విన్నాడు. పార మళ్ళీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మనిషి కోపంగా వెళ్ళాడని, ఇంకో ఇద్దరిని తీసుకుని వస్తాడని అనుకున్నాను. వచ్చింది ఒక్కడే, నాలుగు ఇటుకలతో, సున్నం డబ్బాతో.

మొక్క చుట్టూ ఇటుకలు నిలబెట్టి, రెండింటికి సున్నం, రెండింటికి జేగురు వేశాడు. చుట్టుపక్కల నేల ఊడ్పించాడు. లేచి నిలబడి దూరం నుంచి చూసుకుని నాతో అన్నాడు: "అంచు లేకపోతే సాహెబ్‌కి చెత్త. అంచు ఉంటే బగీచా."

మర్నాడు జీపు అక్కడే ఆగింది. సాహెబ్ దిగి, ఎండుతున్న ఆ ఒంటి మొక్కని చూసి "యే క్యా హై?" అన్నారు. సుకాలూ చేతులు కట్టుకుని "సీడ్ ప్లాంట్, సర్" అన్నాడు. "వెరీ గుడ్" అని ఆయన జీపెక్కారు. ఆ సాయంత్రం గ్యాంగంతా సుకాలూని "సీడ్ ప్లాంట్ సాహెబ్" అని ఏడిపించింది. ఆయన బీడీ ముట్టించుకుని పొగ వెనక నవ్వుకున్నాడు.

ఆ తర్వాత నా ఉద్యోగం పొడుగునా ఆ పద్ధతే వాడాను. ఎక్కడ గింజ రాలనివ్వాలన్నా ముందు చుట్టూ ఇటుకలు పెట్టి రంగు వేసేదాన్ని. అదొక ఏర్పాటు అనుకుని ఎవరూ ముట్టుకునేవారు కాదు. మీరూ చెయ్యండి.

నాకు అర్థమైనంత వరకు

పడి మొలిచే పువ్వులు కావాలంటే చివరి పూత కొయ్యకండి. దేవుడికి కూడా అప్పుడు వేరే మొక్క పువ్వు పెట్టుకోండి. కాయ పండి, మొక్క మొత్తం ఎండేదాకా ఆగండి. అప్పుడు పీకినా మడి మీదే ఒకసారి దులిపి పక్కన పెట్టండి.

తవ్వకండి. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకంటే తవ్వకపోతే పని చెయ్యనట్టు ఉంటుంది. కాశీతుంబ గింజ పైపైనే ఉండాలి, లోతుకి పోతే అంతే సంగతులు. ఖుర్పీ కొసతో గీరితే చాలు. పైన ఆకులు దట్టంగా కప్పినా మొలకలు రావు.

మొలిచినవన్నీ ఉంచకండి. జాలిపడి అన్నీ ఉంచితే అన్నీ పీలగా అవుతాయి. జానెడుకొకటి చాలు. నచ్చని రంగుని మొదటి పువ్వు చూడగానే తీసెయ్యండి, కాయ కట్టాక తీసి లాభం లేదు.

రంగుల బొమ్మ ఉన్న ప్యాకెట్ హైబ్రిడ్ గింజల దగ్గర మోసపోకండి. సర్కండాలో ఒక మేడమ్‌కి నేను మాటిచ్చాను, ఈ పెద్ద బంతి మళ్ళీ వచ్చే ఏడు అలాగే వస్తుందని. మొక్కలు వచ్చాయి గానీ ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, పువ్వులు రెండు రేకులవి. ఆవిడ నన్నేమీ అనలేదు గానీ మళ్ళీ పిలవనూ లేదు. చలికాలపు పువ్వుల్లో లార్క్‌స్పర్, ఫ్లాక్స్ నాకు కొన్నేళ్ళు మొలిచాయి, కొన్నేళ్ళు మొలవలేదు. వాటి గింజలు మన ఎండాకాలం, వానాకాలం రెండూ దాటి చలి మొదలయ్యేదాకా నేలలో పడుకోవాలి. ఈలోపు ఎవరో ఒకరు తవ్వుతారు. పెట్యూనియా సంగతి నేను తేల్చుకోలేకపోయాను, తెలిసినవాళ్ళని అడగండి.

లైను చివరి క్వార్టర్

నవంబర్‌లో గార్డుగారు రిటైరయ్యారు. సామాను లారీకి ఎక్కిస్తుంటే నేను కాగితం పొట్లం తీసుకుని వెళ్ళాను. కల్వర్టు దగ్గరి కాయలన్నీ, ఒక్కోదాన్నీ గుప్పిట్లో మూసి చిట్లించి తీసిన గింజలు. ఒక్క గింజ కూడా నేను ఉంచుకోలేదు. వదిన చేతిలో పెట్టాను. 

ఆవిడ పొట్లం విప్పింది. సగం తన కొంగున ముడి వేసుకుంది. చిటికెడు నా చేతిలో పోసింది. మిగిలినవి తీసుకెళ్ళి ఖాళీ మడిలో చల్లేసింది.

"వదినా, మీరు ఎల్లిపోతన్నారు కదా. వచ్చీవోళ్ళు ఎవులో, ఏటో."

"ఎవులైతే ఏటి? ఆళ్ళకి కళ్ళు నేవా?" అంది. లారీ ఎక్కే ముందు, కొత్తగా దిగబోయే వాళ్ళ ఇంటావిడ వస్తే ఆవిడతో పది నిమిషాలు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను వినలేదు.

మంగ్లాలో వదిన ఇంటి ముందు ఇప్పటికీ చుక్కలవే పూస్తాయి. తోర్వాలో మా ఇంట్లో కూడా. ఆ క్వార్టర్ సంగతి మాత్రం నేను పట్టించుకోలేదు. నన్ను తర్వాత స్టేషన్ వైపు వేశారు, అటు వెళ్ళే పని పడలేదు. ఎవరో ఒకరు తవ్వేసి ఉంటారనుకున్నాను. నేనే తవ్వినదాన్ని, ఇంకొకరి మీద నమ్మకం ఎలా ఉంటుంది?

మొన్న జూన్‌లో ఆ లైనులో ఒకరింటికి శుభలేఖ ఇవ్వడానికి వెళ్ళాను. వాన వెలిసి బురదగా ఉంది. చివరి క్వార్టర్ ముందు బురద తప్పించుకుందామని పక్కకి కాలు వెయ్యబోయాను.

"ఆంటీ, ఉధర్ పాఁవ్ మత్ రఖియే!"

అటు కాలు పెట్టకండని అరుస్తూ లోపలి నుంచి ఒక అమ్మాయి పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. బీహార్ వాళ్ళట, భర్త లోకో పైలట్, వచ్చి రెండేళ్ళయిందట. నా కాలి ముందు నాలుగు ఇటుకల వరస, సున్నం, జేగురు. వాటి వెనక నేలంతా గుండ్రటి, దళసరి జంట ఆకులు.

"ఇవి గడ్డి కాదు ఆంటీ," అంది హిందీలో. "మేం వెయ్యలేదు, వాటంతట అవే వస్తాయి. తెల్లటి పువ్వు, మీద ఎర్ర చుక్కలు. వేరే రంగు వస్తే తీసెయ్యాలి. అక్టోబర్‌లో తవ్వకూడదు. మాకు ముందున్న భాభీ చెప్పి వెళ్ళింది."

"ఆవిడకి ఎవరు చెప్పారు?"

"ఆవిడకి ముందున్న ఆవిడ అట."

 ఇన్నేళ్ళలో ఎంతమంది ఆ ఇంట్లోకి వచ్చారో, ఎంతమంది వెళ్ళారో. ఒక్కరూ తవ్వలేదు. పైగా ఒకరి తర్వాత ఒకరు ఆ ఇటుకలకి రంగు కూడా వేస్తూ వచ్చారు.

ఆ అమ్మాయి నా మొహం చూసి నాకు కోపం వచ్చిందని అనుకున్నట్టుంది. "తెలియక కదా ఆంటీ, చెబితే గానీ ఎవరికి తెలుస్తుంది" అంది.

"నిజమే బేటా, నాకూ ఒకావిడ చెబితేనే తెలిసింది" అని, కాలు వెనక్కి తీసుకుని బురదలోంచే వెళ్ళాను.